హుండీ నుండి హార్డ్‌వేర్ వాలెట్ వరకు

కోఠి అనే మాటకు ఉర్దూలో పెద్ద భవంతి అని అర్థం. వర్తకుల వాడుకలో దానికి మరొక అర్థం కూడా ఉన్నది: లేవాదేవీలు జరిపే షాహుకారు ఇల్లు. హైదరాబాదులోని కోఠికి ఆ పేరు మొదటి అర్థం వల్లనే వచ్చినది. జేమ్సు అకిలీస్ కిర్క్‌పాట్రిక్ అనే ఇంగ్లీషు రెసిడెంటు మూసీనదికి ఉత్తరపుటొడ్డున 1803లో కట్టనారంభించిన రెసిడెన్సీ భవనమే ఆ కోఠి. 1949లో ఆ భవనంలోనికి ఉస్మానియా మహిళా కళాశాల వచ్చినది. 2022లో ఆ కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైనది.

అయితే మాటకున్న రెండవ అర్థం కూడా ఆ పేటను విడిచిపోలేదు. 1814 ప్రాంతంలో విలియం పామరు అనే ఆయన రెసిడెన్సీ చెంతనే వడ్డీవ్యాపారపు సంస్థను నెలకొల్పి, నిజాం ప్రభుత్వానికే పెద్ద యెత్తున అప్పులిచ్చినాడు. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ ఆ అప్పులను ఎదిరించినాడు. 1824లో సంస్థ దివాలా తీసినది. నేటికీ కోఠిలో ఒక వీధికి బ్యాంకు స్ట్రీటు అనే పేరు. దానికి కొద్ది దూరంలోనే ఉన్న గుజరాతీ గల్లీలో విద్యుత్ పరికరాలూ, వాటి విడిభాగాలూ అమ్ముతారు. డబ్బు దాచే విద్యా, విద్యుత్ పరికరాల విద్యా పక్కపక్క వీధులలో కాపురమున్నవన్నమాట. ఈ రెండు విద్యలూ కలిసి పుట్టిన వస్తువొకటి 21వ శతాబ్దంలో లోకంలోకి వచ్చినది. దాని పేరు హార్డ్‌వేర్ వాలెట్. బిట్‌కాయిన్ వంటి క్రిప్టో ద్రవ్యం కలవారు దాని తాళపుచెవిని భద్రపరచుకొనే చిన్న పరికరమిది. చూపునకు బొటనవ్రేలంత ఉంటుంది. దానిని మొదటిసారి సిద్ధపరచుకొనే గంటసేపులో జరిగిన పొరపాటు యావదాస్తినీ పోగొట్టగలదు. ఆ గంటసేపు ఏమి చేయాలో, ఎందుకు చేయాలో తెలియాలంటే కథను హుండీతో మొదలుపెట్టడం మంచిది.

హుండీలోని యుక్తులు

బేగంబజారు, కార్వాన్, రెసిడెన్సీ బజార్లలోని షాహుకార్లు పూర్వం డబ్బును మూటగట్టి పంపేవారు కారు. దారిలో దొంగల భయం ఉండేది. బొంబాయికి పోయే వర్తకుడు ఇక్కడ రొక్కం చెల్లించి ఒక కాగితం తీసికొనేవాడు. అక్కడి షాహుకారుకు ఆ కాగితం చూపితే రొక్కం చేతికి వచ్చేది. అదే హుండీ. చూపిన వెంటనే చెల్లేది దర్శనీ హుండీ. గడువు తీరిన పిమ్మట చెల్లేది ముద్దతీ హుండీ. బజారులో పేరున్న షాహుకారు ద్వారా తప్ప ఇతరులకు చెల్లనిది షాహ్‌జోగ్ హుండీ. అనగా కాగితం దొంగచేత పడినా, దానిని డబ్బుగా మార్చుకోవడం వానికి సులభం కాదు.

హుండీ వ్రాతలో మరి రెండు యుక్తులున్నవి. మొదటిది మొత్తాన్ని వ్రాసే పద్ధతి. వెయ్యి రూపాయల హుండీలో వెయ్యి అని వ్రాసి ఊరకుండరు. దానిలో సగం ఐదువందలు, దానికి రెట్టింపు అని కూడా వ్రాస్తారు. ఎవడైనా ఒక అంకెను దిద్దితే రెండవ మాట అతనిని పట్టియిస్తుంది. రెండవ యుక్తి నకలు. హుండీ పోతే దానికి బదులుగా ఇచ్చే రెండవ కాగితాన్ని పేఠ్ అన్నారు. అది కూడా పోతే ఇచ్చే మూడవదానిని పర్‌పేఠ్ అన్నారు. ఒకటి చెల్లించగానే తక్కినవి చెల్లవు. చెల్లిపోయి రద్దయిన హుండీని ఖోఖా అనేవారు.

దొంగ చేతికి చిక్కినా చెల్లకుండుట, వ్రాతలోని తప్పు తనంతట బయటపడుట, పోయినదానికి నకలుండుట అనే ఈ మూడు సూత్రాలూ కంప్యూటరు యుగంలో మరల కనిపిస్తాయి.

సంతకం చేసిన చేయి

హుండీ పోయినా షాహుకారు ఉన్నాడు. షాహుకారు మోసగిస్తే పంచాయితీ ఉన్నది, న్యాయస్థానం ఉన్నది. డబ్బుపై ఉత్తరువు ఇచ్చే అధికారం ఒకరిదై, డబ్బు మరొకరిదైనప్పుడు ఏమి జరుగుతుందో చెప్పడానికి హైదరాబాదు చరిత్రలోనే పెద్ద ఉదాహరణ ఉన్నది.

1948 సెప్టెంబరులో భారతసైన్యం హైదరాబాదు రాష్ట్రంలో ప్రవేశించినది. సెప్టెంబరు 17న నిజాం సేనలు లొంగిపోయినవి. ఆ రోజులలోనే లండనులోని వెస్ట్‌మినిస్టరు బ్యాంకులో హైదరాబాదు పేర ఉన్న ఖాతానుండి 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు బదిలీ అయినవి. ఆ ఖాతాపై ఉత్తరువు ఇచ్చే అధికారం గల మొయిన్ నవాజ్ జంగ్, లండనులోని పాకిస్తాన్ హైకమిషనరు రహీంతూలా పేరకు ఆ మొత్తాన్ని మార్పించినాడు. ఆ నెల 27న ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బదిలీని రద్దుచేయవలసినదిగా బ్యాంకును కోరినాడు. బ్యాంకు ఒప్పుకోలేదు. డబ్బు ఎవరి పేర ఉన్నదో వారి అంగీకారం లేనిదే తిరిగి ఇయ్యలేమన్నది. వ్యాజ్యం 1957లో ప్రభువుల సభ వరకు పోయి, పాకిస్తాన్ సార్వభౌమరాజ్యం కనుక దానిపై విచారణ సాగదనే కారణంతో నిలిచిపోయినది. నిజాం 1967లో మరణించినాడు. చివరకు 2019 అక్టోబరు 2న లండను ఉన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తి మార్కస్ స్మిత్, ఆ డబ్బు నిజాం వారసులకు, భారత ప్రభుత్వానికి చెందుతుందని తీర్పు చెప్పినాడు. అప్పటికి అది వడ్డీతో సుమారు మూడున్నర కోట్ల పౌండ్లయినది.

ఒక ఉత్తరువును సరిదిద్దడానికి 71 సంవత్సరాలు పట్టినది. అయినను సరిదిద్దడానికి ఒక బ్యాంకు, ఒక న్యాయస్థానం ఉన్నవి. క్రిప్టో ద్రవ్యంలో ఆ పాటి ఆసరా కూడా ఉండదు. సంతకం సరిపోతే చాలు, బదిలీ జరుగుతుంది; జరిగినదానిని వెనుకకు తిప్పే గుమాస్తా ఎక్కడా లేడు.

రెండు తాళాల గణితం

అట్లా ఎందుకు ఏర్పడినదో చూడాలి. 1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కొత్త భావాన్ని ప్రకటించారు. మనిషికి రెండు తాళపుచెవులుండాలి. ఒకటి బహిరంగం, రెండవది రహస్యం. రహస్యమైన దానితో సంతకం చేస్తే, బహిరంగమైన దానితో ఎవరైనా ఆ సంతకం నిజమో కాదో పరీక్షించవచ్చు. పరీక్షించగలవాడు సంతకాన్ని మాత్రం సృష్టించలేడు. 1985లో నీల్ కోబ్లిట్జ్, విక్టర్ మిల్లర్ అనే గణితవేత్తలు విడివిడిగా ఇందుకు దీర్ఘవృత్తీయ వక్రరేఖలనే వాటిని ఉపయోగించవచ్చునని చూపారు.

ఇందులోని కీలకాన్ని ఇంటి ఉదాహరణతో గ్రహించవచ్చు. పసుపూ సున్నమూ నీటిలో కలిపితే క్షణంలో ఎర్రనీళ్లవుతాయి. ఎర్రనీళ్లనుండి మరల పసుపును, సున్నమును విడదీయమంటే ఎవరి తరమూ కాదు. అట్లే రహస్యసంఖ్యనుండి బహిరంగసంఖ్యను లెక్కించడం కంప్యూటరుకు క్షణం పని. బహిరంగసంఖ్యనుండి రహస్యాన్ని లాగడం ఇప్పటి కంప్యూటర్లన్నీ కలిసినా సాధ్యం కాదు. రహస్యసంఖ్య ఎంత పెద్దదంటే, అది 78 అంకెల వరకు ఉండవచ్చు. ఊహించి పట్టుకొందామంటే కుదరదు.

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే మారుపేరుతో వెలువడిన వ్యాసం ఈ సంతకాల ఆధారంగా బిట్‌కాయిన్‌ను ప్రతిపాదించినది. 2009 జనవరి 3న అది ఆరంభమైనది. దాని పద్దుపుస్తకం ప్రపంచంలోని వేలాది కంప్యూటర్లలో ఒకే విధంగా ఉంటుంది. నాణెం ఎవరి జేబులోనూ ఉండదు. పద్దు మాత్రమే ఉంటుంది. ఆ పద్దును కదిలించే సంతకం రహస్యసంఖ్య కలవానిది. కనుక హార్డ్‌వేర్ వాలెట్‌లో డబ్బు ఉంటుందని అనుకోవడం పొరపాటు. ఇనప్పెట్టెలో ఉన్నది నగలు కావు, తాళపుచెవి.

పరికరం పుట్టుక

మొదట్లో జనం ఈ రహస్యసంఖ్యను తమ కంప్యూటరులోనే ఉంచుకొన్నారు. కంప్యూటరులో చొరబడిన దొంగ ప్రోగ్రాము దానిని ఎత్తుకొనిపోయేది. మరికొందరు తమ ద్రవ్యాన్ని మారకపు సంస్థలకు అప్పగించారు. 2014 ఫిబ్రవరిలో టోక్యోలోని మౌంట్ గాక్స్ అనే అట్టి సంస్థ కూలిపోయినది. సుమారు 8,50,000 బిట్‌కాయిన్లు కనిపించకుండాపోయినవి. వాటిలో 2,00,000 తరువాత దొరికినవి. మనదేశంలోనూ 2024 జులై 18న వజీర్‌ఎక్స్ సంస్థనుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల ఆస్తి దొంగల పాలైనది. ఖాతాదారులు నెలల తరబడి తమ సొమ్మును తీసికోలేకపోయారు.

ఈ రెండు ప్రమాదాలకూ విరుగుడుగా 2014లో ప్రాగ్ నగరంలోని సతోషీల్యాబ్స్ సంస్థ ట్రెజర్ అనే పరికరాన్ని విడుదల చేసినది. మరెక్ పలాటినుస్, పావోల్ రుస్నాక్ అనేవారు దాని వెనుక ఉన్నవారిలో ముఖ్యులు. అదే సంవత్సరం పారిసులో లెడ్జర్ సంస్థ ఏర్పడినది. వీటి సూత్రం ఒక్కటే: రహస్యసంఖ్య పరికరంలోనే పుట్టాలి, పరికరంలోనే ఉండాలి. కంప్యూటరు ఒక బదిలీ కాగితాన్ని లోపలికి పంపుతుంది. పరికరం లోపలే సంతకం చేసి, సంతకాన్ని మాత్రం బయటకు పంపుతుంది. కంప్యూటరు ఎంత చెడిపోయినదైనా తాళపుచెవి దానికి కనిపించదు.

మొదటి గంటలో చేయవలసినవి

పరికరాన్ని తయారీదారునుండి గాని, ఆ తయారీదారు తానే పేర్కొన్న విక్రేతనుండి గాని కొనాలి. ఒకరు వాడినది చవకగా వచ్చినదని కొనరాదు. ఇతర వస్తువులకు పాతబజారు మంచిదే కావచ్చు. కాని ఇతరుల చేతిలో ఉండి వచ్చిన తాళానికి మరొక చెవి ఎవరి మొలనున్నదో ఎవరు చెప్పగలరు? పరికరంతోపాటు పదాలు ముందే అచ్చువేసిన కార్డు వస్తే, లేదా రహస్య అంకె ముందే పెట్టియుంటే, అది వల అని గ్రహించి వాడకుండా వదలిపెట్టాలి. నిజమైన పరికరం ఖాళీగా వస్తుంది.

తపాలాలో తనంతట వచ్చిన పరికరాన్ని అసలు నమ్మరాదు. 2020లో లెడ్జర్ సంస్థ కొనుగోలుదార్ల వివరాలు బయటకు పొక్కినవి. సుమారు 2,70,000 మంది పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు ఆ డిసెంబరులో బహిరంగమైనవి. ఆ మరుసటి సంవత్సరం కొందరికి సంస్థ పంపినట్లే కనిపించే నకిలీ పరికరాలు ఇంటికి వచ్చినవి. పాతదానికి బదులు దీనిని వాడి, దానిలో పాత పదాలను నింపమని ఉత్తరం కూడా జతచేసియున్నది.

పరికరాన్ని తెరచిన పిమ్మట తయారీదారు ఇచ్చిన ప్రోగ్రాముతోనే దాని నిజాయితీని పరీక్షించాలి, లోపలి ప్రోగ్రామును కొత్తదిగా మార్చుకోవాలి. ప్రోగ్రామును వెదకి తెచ్చుకొనేటప్పుడు ప్రకటనలలో కనిపించిన మొదటి దానిని నొక్కరాదు. చిరునామాను అక్షరమక్షరమూ సరిచూసికోవాలి. తరువాత రహస్య అంకె నిర్ణయించుకోవాలి. పుట్టినతేదీ, ఇంటినంబరు పనికిరావు. కొన్ని పరికరాలు వరుసగా మూడుసార్లు తప్పు అంకె నొక్కితే తమలోని రహస్యాన్ని తామే తుడిచివేసికొంటాయి. ఇది లోపం కాదు, రక్ష.

ఇక అసలు ఘట్టం. పరికరం 12 లేదా 24 ఇంగ్లీషు పదాలను తన చిన్న తెరపై ఒక్కొక్కటిగా చూపుతుంది. రహస్యసంఖ్యకు అవే మాటల రూపం. 2013లో ఏర్పడిన బిప్-39 అనే నియమం ప్రకారం 2,048 పదాల పట్టికనుండి అవి వస్తాయి. ఒక్కొక్క పదం 11 ద్వ్యంకాలను మోస్తుంది. 12 పదాలకు 132 ద్వ్యంకాలు. వాటిలో 128 రహస్యానివి, మిగిలిన 4 సరిచూసికొనేందుకు. 24 పదాలలో 256 రహస్యానివి, 8 సరిచూపునకు. పదం ఒకటి తప్పుగా వ్రాస్తే పరికరం చాలావరకు పట్టుకొంటుంది. వెయ్యిలో సగం ఐదువందలనే హుండీ వ్రాతకు ఇది మునిమనుమడు. అయితే 12 పదాల వరుసలో తప్పు 16 సార్లకు ఒకసారి తప్పించుకోగలదు కనుక కంటితో కూడా సరిచూసికోవాలి.

పదాలను కాగితంపై కలంతో, వరుససంఖ్య వేసి వ్రాయాలి. ఫోనుతో ఫోటో తీయరాదు. కంప్యూటరులో టైపు చేయరాదు. ఉత్తరంలోగాని, వాట్సాప్‌లోగాని ఎవరికీ పంపరాదు. ఫోటో తీసిన మరుక్షణంలో అది మరొక దేశపు కంప్యూటరులో నకలై ఉండవచ్చు. సంస్థ ఉద్యోగినని చెప్పి ఎవరు ఫోను చేసి అడిగినా చెప్పరాదు. నిజమైన ఉద్యోగికి ఆ పదాలతో ఏ పనీ ఉండదు.

తెలుగువారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన జాగ్రత్త ఉన్నది. ఈ నియమపు పదపట్టికలు ఇంగ్లీషు, జపాను, ఫ్రెంచి మొదలైన కొన్ని భాషలలో ఉన్నవి, తెలుగులో లేదు. ఇంగ్లీషు పదాన్ని చెవికి వినిపించినట్లు తెలుగులిపిలో వ్రాసికొంటే, కొన్నేళ్ల తరువాత అదే స్పెల్లింగు తిరిగి రాకపోవచ్చు. తెరపై కనిపించిన అక్షరాలనే వ్రాయాలి. ఇంగ్లీషు పట్టికలో ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకటి కావు. కనుక కనీసం ఆ నాలుగింటినైనా ముద్రాక్షరాలలో స్పష్టంగా వ్రాయాలి.

పేఠ్, పర్‌పేఠ్

ఒకే కాగితం చాలునా అనే ప్రశ్నకు మూసీనది 1908 సెప్టెంబరు 28న సమాధానం చెప్పినది. ఆనాటి వరదలో కోఠికి దగ్గరనున్న అఫ్జల్‌గంజ్ ప్రాంతం కొట్టుకొనిపోయినది. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారని చెపుతారు. ఇల్లు పోయినవారికి ఇంటిలోని పత్రాలు మిగలవు. ఒకే ఇంటిలో ఉంచిన రెండు కాగితాలు నిజానికి ఒక్క కాగితంతో సమానం. కనుక నకలును మరొక ఊరిలో, లేదా బ్యాంకు లాకరులో ఉంచాలి. నిప్పుకూ నీటికీ తట్టుకొనే ఉక్కురేకుపై పదాలను చెక్కుకొనేవారున్నారు. అదీ మంచిదే. కాని నకళ్లు పెరిగినకొద్దీ దొంగకు దారులు కూడా పెరుగుతాయి. షాహుకార్లు సైతం పర్‌పేఠ్‌తో ఆగిపోయారు.

వ్రాసిన పదాలు నిజంగా పనిచేస్తాయో లేదో సొమ్ము దాచకముందే తేల్చుకోవాలి. చిన్న మొత్తం ఒకటి పరికరపు చిరునామాకు పంపాలి. తరువాత పరికరాన్ని పూర్తిగా తుడిచివేయాలి. కాగితంపైని పదాలతో తిరిగి నిలబెట్టాలి. అదే చిరునామా, అదే పద్దు తిరిగి కనిపిస్తే కాగితం నిజమైనది. అప్పుడే పెద్ద మొత్తాన్ని కదిలించాలి. ఈ పరీక్ష చాలామంది చేయరు. పరికరం పాడైన రోజున చేస్తారు. అది పరీక్షకు తగిన రోజు కాదు.

చూచినది, సంతకమైనది

పరికరం ఉన్నంతమాత్రాన అన్ని ప్రమాదాలూ తీరవు. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే మారకపు సంస్థనుండి సుమారు 150 కోట్ల డాలర్ల విలువగల ఈథర్ ద్రవ్యం చోరీ అయినది. అక్కడ ఒక్కరు కాక పలువురు సంతకం చేయవలసిన ఏర్పాటున్నది. దొంగలు తాళపుచెవులను ముట్టుకోలేదు. సంతకందార్ల కంప్యూటరు తెరపై మామూలు బదిలీని చూపి, లోపల మరొక కాగితాన్ని పెట్టినారు. అధికారులు తమ చేతులతోనే సంతకాలు చేశారు. 1948లో ఉత్తరువు ఇచ్చినవాని అధికారమే ప్రశ్న. ఇక్కడ అధికారం నిజం, సంతకం నిజం, కాగితం మాత్రం వేరు.

కనుక సొమ్ము పంపేటప్పుడు కంప్యూటరు తెరను కాక పరికరపు తెరను నమ్మాలి. మొత్తాన్నీ, చిరునామానూ మొదటినుండి చివరివరకు చదివి అప్పుడే మీట నొక్కాలి. పరికరం తెరపై అర్థంకాని అంకెల వరుస మాత్రమే చూపి సంతకం అడిగితే ఆగిపోవాలి. చదవకుండా వ్రేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకొన్న కథలు తెలుగు పల్లెలకు కొత్తవి కావు.

లంకెబిందెల నీతి

మనదేశంలో 2018 ఏప్రిల్ 6న రిజర్వుబ్యాంకు ఈ వ్యాపారానికి బ్యాంకుల సహాయాన్ని నిలిపినది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. 2022 ఏప్రిల్ 1 నుండి లాభంపై 30 శాతం పన్ను విధింపబడినది. పన్ను ఉన్నంతమాత్రాన అది చెల్లుబాటు నాణెం కాదు. దాని ధర పడిపోవడానికీ, పెరగడానికీ ఏ పరికరమూ హామీ ఇవ్వదు. పరికరం కాపాడగలది తాళపుచెవిని మాత్రమే.

ఆ తాళపుచెవికి చివరి శత్రువు దొంగ కాదు, మౌనం. లంకెబిందెలను గోడలో పెట్టి ఎవరికీ చెప్పకుండా కన్నుమూసిన పెద్దల కథలు ప్రతి ఊరిలోనూ ఉన్నవి. ఆ బిందెలు గోడ కూలినప్పుడైనా దొరికేవి. 24 పదాలు పోతే గోడలన్నీ పడగొట్టినా ఆ పద్దు కదలదు. అది పద్దుపుస్తకంలో అందరి కంటికీ కనిపిస్తూనే ఉంటుంది, ఎవరి చేతికీ రాదు. కనుక అట్టి ఆస్తి కలవారు, పరికరం ఒకటున్నదనీ, కాగితం ఎక్కడున్నదనీ, ఎవరిని అడగాలనీ తమ తరువాతివారికి తెలిసే ఏర్పాటు చేయాలి. పదాలను వీలునామాలో వ్రాయరాదు, ఎందుకనగా దానిని పలువురు చదువుతారు. కాగితం ఉన్న చోటు మాత్రం వ్రాయవచ్చు. ఇంగ్లీషు రాని తల్లికో, భార్యకో అప్పగించేటట్లయితే, ఆ పదాలను ఏమి చేయాలో తెలుగులో నాలుగు వాక్యాలు వ్రాసి వేరే కవరులో ఉంచాలి.

రెసిడెన్సీ బజారు షాహుకారు తన కొడుకుకు వ్యాపారం అప్పగించేటప్పుడు ఇనప్పెట్టె తాళంతోపాటు చిట్టా చదివే పద్ధతి కూడా నేర్పేవాడు. తాళం ఒకటి, దానిని వాడే తెలివి ఒకటి. రెండూ అందినప్పుడే ఆస్తి చేతులు మారినట్లు.